ఎంత అన్న ప్రశ్న, ఎన్నాళ్ళు అన్న ప్రశ్న

ఒక కుటుంబపు ఆదాయం అల్పమా, మధ్యమమా, అధికమా అని తేల్చడం పైకి లెక్కల సమస్యలా కనిపిస్తుంది. ఒక సంఖ్య ఉంటుంది. దానికి పైన ఒక గీత, కింద ఒక గీత ఉంటాయి. ఆ సంఖ్య ఏ గీతల నడుమ పడితే కుటుంబం ఆ తరగతికి చెందుతుంది. పరిపాలనకు ఇంతకంటె అనువైన పద్ధతి లేదు. అయితే మనుషులు తమ స్థితిని గాని, పొరుగువారి స్థితిని గాని ఈ విధంగా అంచనా కట్టరు. నెలకు పదిహేను వేలు వచ్చే ఇంటివారినీ, లక్షన్నర వచ్చే ఇంటివారినీ అడిగి చూస్తే ఇరువురూ “ఏదో మధ్యతరగతి వాళ్ళం” అనే చెబుతారు. వారు అబద్ధమాడుతున్నారని అనలేము. అలాగని ఇరువురి మాటా ఒకే అర్థంలో నిజమూ కాజాలదు. ఈ మాట వెనుక ఉన్న కొలత ఏమిటి, ఆ కొలత న్యాయమైనదేనా అన్న ప్రశ్న అర్థశాస్త్రపు హద్దు దాటి నీతిశాస్త్రంలోకి ప్రవేశిస్తుంది. ఈ ప్రశ్నను ఆలోచించడానికి ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కునగరం భిలాయి కంటె తగిన చోటు మన దేశంలో అరుదు.

ముందుగా ప్రభుత్వమే గీసిన గీతలను పరిశీలిద్దాం. టెండూల్కర్ సంఘం సూచించిన పద్ధతిని అనుసరించి ప్రణాళికా సంఘం 2011–12 ధరలలో తలసరి నెల వ్యయాన్ని గ్రామాలకు 816 రూపాయలుగా, పట్టణాలకు 1,000 రూపాయలుగా లెక్కగట్టి దానిని దారిద్ర్యరేఖ అన్నది. 2014లో రంగరాజన్ సంఘం ఈ సంఖ్యలను వరుసగా 972, 1,407 రూపాయలుగా సవరించాలని సూచించింది. వెనుకబడిన తరగతులలో సంపన్న శ్రేణిని వేరుపరచేందుకు 1993లో లక్ష రూపాయల వార్షికాదాయంతో మొదలైన పరిమితి 2017 నాటికి 8 లక్షలకు చేరింది. 2019లో 103వ రాజ్యాంగ సవరణ దరిమిలా ఆర్థికంగా బలహీన వర్గాలకు రిజర్వేషన్ కల్పించినప్పుడు కుటుంబాదాయ పరిమితిగా అదే 8 లక్షల సంఖ్యను తీసుకున్నారు. 2025–26 ఆర్థిక సంవత్సరం నుండి ఆదాయపు పన్ను కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయం ఉన్నవారు పన్ను చెల్లించనవసరం లేదు. దీనిని మధ్యతరగతికి కలిగించిన ఊరటగా ప్రకటించారు.

ఈ సంఖ్యల సరసన మరొక సంఖ్యను ఉంచి చూడాలి. 2022లో ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి విడుదల చేసిన అసమానతల నివేదిక, 2019–20 నాటి శ్రామిక సర్వే ఆధారంగా ఒక సంగతి తెలియజేసింది. నెలకు 25,000 రూపాయల వేతనం అందుకునేవారు దేశంలోని వేతనజీవులలో పై పది శాతంలోకి వస్తారు. అంటే ఏడాదికి 3 లక్షలు సంపాదించే వ్యక్తి ఒక లెక్క ప్రకారం శిఖరానికి చేరువలో ఉన్నాడు. అతడొక్కడి సంపాదనపైనే ఇల్లు గడుస్తున్నదైతే, మరొక లెక్క ప్రకారం ఆ కుటుంబం బలహీన వర్గపు పరిమితికి ఎంతో దిగువన ఉన్నది. ఇందులో ఏ లెక్కా తప్పు కాదు. ఒక గీత ఎవరికి ఆకలి తీరడం లేదని అడుగుతుంది, ఒకటి ఎవరికి అవకాశం కల్పించాలని అడుగుతుంది, మరొకటి ఎవరి నుండి పన్ను రాబట్టాలని అడుగుతుంది. గీత గీసిన ప్రయోజనాన్ని మరచి, దానిని మనిషి స్వరూపమని భావించినప్పుడే చిక్కు వస్తుంది.

గృహనిర్మాణ పథకాల చరిత్ర ఈ విషయాన్ని తేటపరుస్తుంది. 1970లో హడ్కో సంస్థ ఏర్పడిన నాటి నుండి అల్పాదాయ, మధ్యాదాయ, అధికాదాయ వర్గాలన్న విభజన మన పట్టణాల నేల మీద స్థిరపడింది. హైదరాబాదులోని రామచంద్రాపురం వంటి చోట్ల ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి. అన్న పొడి అక్షరాలే కాలనీల పేర్లయ్యాయి. భిలాయిలో సైతం హడ్కో అనేది ఒక పేట పేరు. ఆ ఇళ్ళు కట్టిన నాటి ఆదాయాలు మారిపోయాయి, యజమానులు మారిపోయారు, నాడు అల్పాదాయ వర్గానికని కట్టిన ఇంటిని నేటి అల్పాదాయ కుటుంబం కొనగల స్థితి లేదు. పేరు మాత్రం గోడ మీద అలాగే నిలిచి ఉంది.

రెవెన్యూ కార్యాలయాల అనుభవం ఉన్నవారికి మరొక సత్యం కూడా విదితమే. ఒకే గృహస్థునికి రెండు ఆదాయాలు ఉంటాయి. ధ్రువీకరణ పత్రం కోసం వచ్చినప్పుడు చెప్పేది ఒకటి, కుమార్తెకు సంబంధం చూసేటప్పుడు చెప్పేది మరొకటి. మొదటిచోట తక్కువ చేసి చెప్పడం, రెండవచోట ఎక్కువ చేసి చెప్పడం లోకరీతి. దీనిని కేవలం అసత్యమని కొట్టివేయరాదు. మొదటి సందర్భంలో అతడు తనకు ఏమి కొరవడిందో చెబుతున్నాడు. రెండవ సందర్భంలో తన మాట ఎంతవరకు చెల్లుబాటవుతుందో చెబుతున్నాడు. ఆదాయం అన్న ఒక్క సంఖ్య ఈ రెండింటినీ మోయలేదు.

ఇంతకూ మన భాష ఈ విషయాన్ని ఏ విధంగా కొలిచింది? తెలుగులో మనుషుల ఆర్థిక స్థితిని చెప్పే పలుకుబళ్ళను పరిశీలిస్తే వాటిలో మొత్తాల ప్రస్తావన దాదాపు కనిపించదు. పూట గడవనివారు, రెక్కాడితే గాని డొక్కాడనివారు, అంతంతమాత్రంగా ఉన్నవారు, తిండికీ బట్టకూ లోటు లేనివారు, సంసారపక్షంగా ఉన్నవారు, జరుగుబాటు ఉన్నవారు, తరతరాలు కూర్చుని తిన్నా తరగనివారు. ఈ మాటలను వరుసగా పేర్చి చూస్తే అవన్నీ కాలాన్ని కొలుస్తున్నాయని అర్థమవుతుంది. మొదటివానికి భరోసా ఒక పూట, రెండవవానికి ఒక రోజు, చివరివానికి కొన్ని తరాలు. రేపటిని గురించిన చింత ఎంత దూరాన మొదలవుతుందో దానిని బట్టి మన పూర్వులు మనిషి స్థితిని గుర్తించారు. “ఎంత” అన్న ప్రశ్న కంటె “ఎన్నాళ్ళు” అన్న ప్రశ్న వారికి ముఖ్యమైనది. ఈ కొలబద్ద పల్లెటూరి సామెతల కాలానికే పరిమితమైనదా, ఆధునిక పారిశ్రామిక సమాజానికి సైతం వర్తిస్తుందా అన్నదానికి భిలాయి చరిత్రే సమాధానం.

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల నడుమ కుదిరిన ఒడంబడికతో భిలాయి ఉక్కు కర్మాగారానికి అంకురార్పణ జరిగింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. 10 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన కర్మాగారం దశలవారీగా 25 లక్షలకు, ఆపై 40 లక్షల టన్నులకు విస్తరించింది. దుర్గ్ జిల్లాలో వరి పొలాల నడుమ సెక్టర్లుగా విభజించిన ఒక నగరం వెలసింది. దేశం నలుమూలల నుండి జనం తరలివచ్చారు.

ఈ వలసలో తెలుగువారి పాత్ర చెప్పుకోదగినది. 1930ల ఆరంభంలోనే పూర్తయిన రాయపూర్–విజయనగరం రైలుమార్గం ఉత్తరాంధ్ర పల్లెలను ఛత్తీస్‌గఢ్ మైదానంతో కలిపింది. 1966లో విశాఖ ఉక్కు కోసం ఉద్యమం సాగింది. 1970లో కర్మాగారం మంజూరైనట్లు ప్రకటన వెలువడింది. అంతకు ముందే శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల వారు ఎందరో ఉక్కును వెదుక్కుంటూ భిలాయి చేరుకున్నారు. వారిలో ఇంజనీర్లున్నారు, గుమాస్తాలున్నారు, ఉపాధ్యాయులున్నారు. పునాదులు తవ్వి, తట్టలు మోసిన కూలీలూ ఉన్నారు. సెక్టర్ 5లోని బాలాజీ మందిరంలో ఉత్సవానికి వీరందరి సంతానమూ ఒకేచోట నిలబడుతుంది. ఉత్సవం ముగిశాక కొందరు సెక్టర్ల క్వార్టర్లకు, మరికొందరు ఖుర్సీపార్, క్యాంపు బస్తీలకు మరలిపోతారు. భాష ఒకటే, మూలం ఒకటే, దైవం ఒకటే. దారులు మాత్రం వేరు.

ఈ దారులు ఎక్కడ చీలాయన్నదానిని లోతుగా అధ్యయనం చేసినవారు బ్రిటిష్ సామాజిక మానవశాస్త్రవేత్త జోనథన్ ప్యారీ. 1993లో భిలాయిలో క్షేత్ర పరిశోధన ప్రారంభించి, దీర్ఘకాలం కొనసాగించి, 2020లో ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ అన్న బృహద్గ్రంథాన్ని వెలువరించారు. అక్కడి జనం నోట నిత్యం వినిపించే రెండు మాటలపై ఆయన దృష్టి నిలిపారు. ఒకటి నౌకరీ, రెండవది కామ్. కర్మాగారంలో శాశ్వత ఉద్యోగం నౌకరీ. అదే కర్మాగారంలో ఠేకేదారు కింద గాని, బయటి ప్రైవేటు పరిశ్రమలలో గాని, కట్టడాల వద్ద గాని చేసేది కామ్. ఈ రెండింటి నడుమ ఉన్నది కేవలం వేతనపు తేడా కాదనీ, ఇది రెండు వర్గాలను వేరుపరచే సరిహద్దు అనీ ప్యారీ వాదన. శాశ్వత కార్మికులు తమను తాము మధ్యతరగతిగా పరిగణించుకుంటారు. చేసే పని ఒకటే అయినా, పక్కనే నిలబడి చెమటోడ్చే ఠేకా కార్మికుని తమవాడిగా భావించరు.

తెలుగు పాఠకునికి ఈ విభజన కొత్తది కాదు. మనం జీతం అంటాం, కూలి అంటాం. రెండూ పనికి ప్రతిఫలాలే. కాని జీతగానికి నెల ఉంటుంది, కూలికి రోజు ఉంటుంది. నౌకరీ ఉన్న ఇంటికి క్వార్టరు ఉన్నది, సెక్టర్ 9 ఆసుపత్రి ఉన్నది, భవిష్యనిధి, గ్రాట్యుటీ ఉన్నాయి. సెలవు పెట్టి జ్వరం తగ్గించుకునే వీలున్నది. బ్యాంకు అతని సంతకాన్ని నమ్మి అప్పిస్తుంది. కామ్ మీద బతికే ఇంటికి ఒక మంచి నెలలో చేతినిండా డబ్బు రావచ్చు. అధిక గంటలు పనిచేసి, భార్యాభర్తలిరువురూ కష్టపడితే ఆ నెల ఆదాయం గౌరవప్రదంగానే ఉండవచ్చు. ఆ తరువాతి నెలలో ఠేకా ముగుస్తుంది, లేదా కాలు విరుగుతుంది. అప్పుడు ఆదాయం తగ్గిందనడం సరికాదు, అది ఆగిపోయింది. పన్నెండు నెలల సగటు తీసిన గణాంకంలో ఈ ఆగిపోవడం కనిపించదు. మన కార్యాలయాలలో రోజు కూలిని పనిరోజులతో గుణించి వార్షికాదాయం రాసినప్పుడు సైతం పని దొరకుతుందన్న హామీని మనమే అతనికి కాగితం మీద దానం చేస్తున్నాం.

ఇక్కడ చరిత్ర మరొక చమత్కారాన్ని చూపుతుంది. కర్మాగారపు తొలినాళ్ళలో చుట్టుపక్కల గ్రామస్థులు చాలామంది అందులో ఉద్యోగానికి ఉత్సాహం చూపలేదు. వారికి పొలమే స్థిరమైనది. కొలిమి ముందు పని ప్రమాదకరమైనది, పరాయివారిది. ఆ రోజులలో నగదు లెక్కన చూస్తే కర్మాగారపు వేతనమే మేలు కావచ్చు. అయినా ఏది నిలుస్తుంది అన్న తూకంలో పొలం బరువు తూగింది. కొన్నేళ్ళలో తూకం తలకిందులై, నౌకరీ స్థిరమైనదనీ, పొలం వాన మీద ఆధారపడినదనీ తేలిన తరువాత అదే నౌకరీ కోసం తరాల పోటీ మొదలైంది. తూచిన వస్తువులు మారాయి గాని తూచిన రాయి మారలేదు.

స్థిరత్వపు తూకం ఎంత తీవ్రమైన సంఘర్షణకు దారితీయగలదో భిలాయికి ఇనుప ఖనిజాన్ని అందించే దల్లీ రాజ్‌హరా గనుల చరిత్ర చెబుతుంది. 1977లో అక్కడ కుదిరిన బోనస్ ఒప్పందంలో శాశ్వత కార్మికులకు 308 రూపాయలు, ఠేకా కార్మికులకు 70 రూపాయలు నిర్ణయించారు. ఇరువురూ ఒకే కొండను తవ్వేవారే. ఈ తేడా నుండే ఠేకా కార్మికులు పాత సంఘాలను వీడి ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్‌ను స్థాపించుకున్నారు. శంకర్ గుహ నియోగీ వారికి నాయకుడయ్యారు. వారి కోరికలను గమనిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. వేతనం పెంచాలన్నదానితో పాటు, యాజమాన్యం పని చూపలేని రోజున సైతం కొంత భత్యం ఇవ్వాలనీ, వానాకాలానికి ముందు గుడిసె బాగుచేసుకునేందుకు వెదురుకూ వాసాలకూ 100 రూపాయలు ఇవ్వాలనీ వారు అడిగారు. పని లేని రోజు, వాన కురిసే రాత్రి — ఈ రెండింటికీ వారు హామీ కోరారు. ఆ ఏడాది జూన్ 2, 3 తేదీలలో జరిగిన పోలీసు కాల్పులలో 11 మంది మరణించారు. వారి స్మృతిలో కార్మికులు 1983లో శహీద్ ఆసుపత్రిని నెలకొల్పుకున్నారు. నౌకరీ ఉన్నవారికి సంస్థ ఇచ్చే వైద్యాన్ని, అది లేనివారు తమ చందాలతో, తమ శ్రమతో సమకూర్చుకున్నారు. నియోగీ 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురయ్యారు. అప్పటికి ఆయన భిలాయి ప్రైవేటు పరిశ్రమల ఠేకా కార్మికుల సమస్యలపై ఉద్యమం నడుపుతున్నారు.

శాశ్వత కార్మికుడు తనను మధ్యతరగతి అని ఎందుకు అనుకుంటాడు? గణాంకాల ప్రకారం పై పది శాతంలో ఉన్నానని అతనికి ఎందుకు తోచదు? 1966లో బ్రిటిష్ సామాజికవేత్త రన్సిమన్, సాపేక్ష లేమిని గురించిన తన గ్రంథంలో దీనికి సమాధానం వెదికారు. మనిషి తనను సమాజం మొత్తంతో పోల్చుకోడు, తనకు దగ్గరగా ఉన్నవారితో పోల్చుకుంటాడన్నది దాని సారాంశం. భిలాయిలో సెక్టర్ 2 క్వార్టరులో ఉన్న కార్మికుని చూపు సెక్టర్ 10లోని అధికారి వైపు, అక్కడి నుండి ముప్పైరెండు బంగళాల వైపు వెళుతుంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తోడల్లుని కుమారుని వైపు, అమెరికాలో స్థిరపడిన సహోద్యోగి కుమార్తె వైపు వెళుతుంది. ఇంటి ముందు చెత్త ఊడ్చే మనిషి వైపు, మరమ్మతుకు వచ్చిన ఠేకా కూలి వైపు మళ్ళదు. పైకి చూసే కన్నుకు తానెప్పుడూ మధ్యలోనే కనిపిస్తాడు. ఈ దృష్టిదోషం కార్మికునిది మాత్రమే కాదు. ముప్పైరెండు బంగళాలలో ఉన్నవారు సైతం ఢిల్లీ వైపు చూసి తమది సామాన్య జీవితమనే అనుకుంటారు. ఈ పత్రిక చదివే అధికార వర్గమూ, దీనిని రాస్తున్నవాడూ ఇందుకు మినహాయింపు కాదు.

మధ్యతరగతి అన్న మాటకు మన దేశంలో ఉన్న చరిత్ర కూడా ఈ దృష్టికి తోడ్పడింది. 1961లో వెలువడిన తన గ్రంథంలో చరిత్రకారుడు బి.బి. మిశ్రా చూపినట్లు, భారతీయ మధ్యతరగతి ప్రధానంగా ఆంగ్ల విద్య నుండి, ప్రభుత్వ కొలువుల నుండి, న్యాయవాదం వంటి వృత్తుల నుండి పుట్టింది. అది జనాభాలో నడిమి భాగం ఏనాడూ కాదు. మన నవలా సాహిత్యంలో సైతం కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’లోను, రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’లోను కనిపించే మధ్యతరగతి మనిషి చదువుకున్నవాడు, కొలువు కోరినవాడు లేదా కొలువులో నలిగినవాడు. అతని ఇక్కట్లు నిజమైనవే. అయితే ఆ ఇక్కట్లు ఎంతో గాఢంగా చిత్రితమైనందువల్ల, దేశపు నడిమి మనిషి అతడేనన్న భావన చదువరులలో పాతుకుపోయింది. నిజానికి నడిమి మనిషి నెలజీతపు ముఖం చూడనివాడు.

దీనికి బలమైన ప్రతివాదన లేకపోలేదు. శాశ్వత కార్మికుడు ధనవంతుడా? అతని మీద ఆధారపడినవారెందరు? ఊళ్ళో తల్లిదండ్రులు, చదువుకునే పిల్లలు, పెళ్ళికెదిగిన చెల్లెలు. ఆడమ్ స్మిత్ 1776లోనే, నాటి ఐరోపాలో ఒక దినసరి కూలి నార చొక్కా లేనిదే నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడనీ, అందువల్ల అది అవసర వస్తువే అవుతుందనీ రాశాడు. అదే న్యాయం ఇక్కడా వర్తిస్తుంది. భిలాయి ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షల శిక్షణకు పేరుపొందిన పట్టణం. 2016లో అక్కడే ఒక ఐ.ఐ.టి. సైతం ఏర్పడింది. అటువంటిచోట కుమారుని కోచింగుకు పంపలేని తండ్రి చిన్నబుచ్చుకుంటాడు. పైగా 1980ల చివరలో 60 వేలకు పైబడి ఉన్న శాశ్వత ఉద్యోగుల సంఖ్య తరువాతి దశాబ్దాలలో సగానికంటె తక్కువకు పడిపోయింది. తండ్రికి ఉన్న నౌకరీ కుమారునికి దక్కుతుందన్న భరోసా లేదు. తండ్రి సెక్టరులో పదవీ విరమణ చేస్తే కుమారుడు అదే కర్మాగారపు గేటు వద్ద ఠేకేదారు ఇచ్చిన పాసుతో నిలబడవలసి రావచ్చు. అతని భయం కల్పితం కాదు. తన స్థితి మధ్యస్థమని అతడు అన్నప్పుడు, జారిపోయే అవకాశం ఉన్నదని కూడా అంటున్నాడు.

ఈ వాదనలోని సత్యాన్ని అంగీకరించవలసిందే. అయితే అది చివరకు బలపరిచేది దేనిని? జారిపోతామన్న భయమే మధ్యతరగతి లక్షణమైతే, ఎప్పుడో జారిపోయి ఆ లోయలోనే నివసిస్తున్నవారు మన పక్కనే ఉన్నారు. మనం భయపడే స్థితి వారి దైనందిన జీవితం. మన భయానికి విలువ ఇచ్చి వారి జీవితానికి విలువ ఇవ్వకపోవడం తర్కానికి నిలవదు.

స్థిరత్వమే సర్వస్వమా అన్నది మరొక ప్రశ్న. దీనికీ మన చరిత్రలోనే హెచ్చరిక ఉన్నది. తెలంగాణ పల్లెలలో జీతగాడు అన్న మాటకు అర్థం వేరు. అప్పు కింద దొర ఇంట ఏళ్ళ తరబడి కట్టుబడి పనిచేసేవాడు జీతగాడు. అతనికి రేపటి పని గురించి అనిశ్చితి లేదు; రేపు, ఎల్లుండి, మరుసటి ఏడాది సైతం అదే కొట్టం, అదే గొడ్లు. 1976లో వెట్టి కార్మిక వ్యవస్థను చట్టం రద్దు చేసింది. స్థిరత్వం యజమాని చేతిలో ఉంటే అది సంకెల అవుతుంది, పనిచేసేవాని చేతిలో ఉంటే హక్కు అవుతుంది. భిలాయి నౌకరీ గౌరవప్రదమైనది కావడానికి కారణం అది నిలిచి ఉండడం ఒక్కటే కాదు. తలవంచనవసరం లేకుండా నిలిచి ఉండడం. పైఅధికారితో వాదించి కూడా మరునాడు పనికి రాగల మనిషి, నెలకు ఎంత సంపాదించినా, ఒక విధమైన సంపన్నుడే.

ప్రాచీనులకు ఈ స్పృహ లేదనుకోరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం ఐదవ అధికరణంలో రాజోద్యోగుల వేతనాల పట్టిక ఉన్నది. మంత్రి, పురోహితుడు, సేనాపతి మొదలైనవారికి 48,000 పణాలు. అట్టడుగు సేవకులకు 60 పణాలు. అంటే 800 రెట్ల అంతరం. పైవారికి అంత వేతనం ఎందుకంటే వారు ప్రలోభానికి లొంగకుండా, ద్రోహం తలపెట్టకుండా ఉండేందుకని ఆయనే చెప్పాడు. ఈ అంతరాన్ని నేటి నీతి సమర్థించదు. అయితే అదే ప్రకరణంలో, విధి నిర్వహణలో మరణించినవారి భార్యాబిడ్డలకు భత్యమూ వేతనమూ అందాలన్న నియమం కూడా ఉన్నది. వేతనం అనేది పనిచేసిన గంటలకు మాత్రమే కట్టిన ధర కాదనీ, మనిషి లేని రోజుకు కూడా అది పూచీ పడాలనీ ఆ శాస్త్రకారుడు గ్రహించాడు.

ఆధునిక చట్టం ఈ పూచీని ఎంతవరకు అందించగలిగింది? నిరంతరం సాగే పనులలో ఠేకా పద్ధతిని నిషేధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇస్తూ 1970లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అటువంటి నిషేధం విధించినంత మాత్రాన ఠేకా కార్మికులు తమంతట తాము ప్రధాన యజమాని ఉద్యోగులు కాజాలరని 2001లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఠేకా కేవలం బూటకమని రుజువైతే అది వేరు సంగతి. భిలాయి కర్మాగారం ఏ సంస్థకు చెందినదో, ఆ ఉక్కు ప్రాధికార సంస్థే ఆ వ్యాజ్యంలో ఒక పక్షం. 2016లో పంజాబు తాత్కాలిక ఉద్యోగుల వ్యాజ్యంలో అదే న్యాయస్థానం సమాన పనికి సమాన వేతనమన్న సూత్రాన్ని గట్టిగా నిలబెట్టింది. ఈ రెండు తీర్పులను పక్కపక్కన చదివితే “ఎంత” అన్న ప్రశ్నకు చట్టం కొంత దారి చూపిందనీ, “ఎన్నాళ్ళు” అన్న ప్రశ్నకు ఇంకా దారి వెదుకుతున్నదనీ అర్థమవుతుంది.

ఇంతవరకు చెప్పినదాని నుండి ఆచరణకు సంబంధించిన రెండు విషయాలు తేలుతాయి. మొదటిది పరిపాలకులకు. ఆదాయ పరిమితులు లేకుండా ఏ పథకమూ నడవదు. కనుక గీతలు ఉండవలసిందే. అయితే గీతకు ఇటు అటు ఉన్నవారిని పోల్చేటప్పుడు మొత్తంతో పాటు, అది ఎన్ని నెలలు వస్తుంది, జబ్బు చేస్తే ఎవరు ఆదుకుంటారు, పని పోతే ఎన్నాళ్ళు ఇల్లు నిలుస్తుంది అన్న మూడు ప్రశ్నలను కూడా దరఖాస్తులో చేర్చడం అసాధ్యం కాదు. ఏడాదికి 2 లక్షలు స్థిరంగా వచ్చే ఇల్లూ, రెండున్నర లక్షలు ఒడిదుడుకులతో వచ్చే ఇల్లూ ఒకే తక్కెడలో సరితూగవు. కాగితం మీద మొదటిది పేదది, రెండవది మెరుగైనది. నిజ జీవితంలో కష్టం వచ్చిన మొదటి నెలలోనే ఆ క్రమం తారుమారవుతుంది.

రెండవది మనలో ప్రతి ఒక్కరికీ. మధ్యతరగతివాళ్ళమని చెప్పుకోవడంలో వినయం ఉన్నట్లు తోస్తుంది. ఆ వినయం వెనుక ఒక తప్పించుకోవడం దాగి ఉన్నది. మధ్యలో ఉన్నవానికి పైవారి మీద ఫిర్యాదు చేసే హక్కు ఉంటుంది, కిందివారి పట్ల బాధ్యత ఉండదు. ఇచ్చేవారి వరుస తన కంటె పైన మొదలవుతుందని అతడు భావిస్తాడు. ఈ విధంగా ప్రతివాడూ మధ్యలోనే ఉండిపోతే ఇచ్చే చెయ్యి ఎవరిదీ కాకుండా పోతుంది. మన స్థితిని అంచనా వేసుకునేటప్పుడు పైకి ఒకసారి చూసినట్లే కిందికీ ఒకసారి చూడడం న్యాయం. మన పక్కన, మన పనే చేస్తూ, మన కంటె తక్కువ పొందుతూ, రేపటి మీద నమ్మకం లేకుండా ఉన్న ఒక మనిషిని ఎన్నుకుని అతనితో పోల్చుకోవాలి.

భిలాయిలో తయారైన పట్టాల మీద దేశంలోని రైళ్ళు నడుస్తున్నాయి. ఆ పట్టాలలో నౌకరీ చేసినవాని శ్రమ ఏది, కామ్ చేసినవాని శ్రమ ఏది అని ఎవరూ విడదీసి చెప్పలేరు. లోహంలో రెండూ కలిసిపోయాయి. ఉక్కులో లేని భేదం జీతపు పుస్తకంలో ఉన్నది గనుక, దానిని అక్కడే సరిదిద్దవలసి ఉంటుంది. ఆ సవరణ చట్టాల ద్వారా జరగవచ్చు, ఒప్పందాల ద్వారా జరగవచ్చు, కార్మికుల ఐక్యత ద్వారా జరగవచ్చు. అంతకు ముందుగా, అల్పమేది, మధ్యమమేది, అధికమేది అన్న మన దైనందిన తీర్పులలో “ఎన్నాళ్ళు” అన్న మాటకు చోటు ఇవ్వడం అవసరం. మన భాష ఆ ప్రశ్నను ఏనాడో అడిగింది. దానికి సమాధానం చెప్పుకోవలసిన బాధ్యత నేటి తరానిది.